ప్రజ్ఞ: పుట్టుక పాలెంత, పెంపకం పాలెంత?

మనిషి తెలివితేటలకు మూలం వంశమా, పరిసరమా అన్న చర్చ చాలా పాతది. పులి కడుపున పులే పుడుతుందని నమ్మిన సమాజమే, మొక్కై వంగనిది మానై వంగదని కూడా చెప్పింది. మొదటి మాట పుట్టుకకు పెద్దపీట వేస్తే, రెండవది పెంపకానికి పట్టం కట్టింది. గత 150 ఏళ్ల పరిశోధన ఈ రెండింటిలోనూ నిజముందని తేల్చింది. అయితే ఒక లక్షణంలో అనువంశికత పాత్ర ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆ లక్షణం మార్చరానిదని అర్థం కాదన్నది ఆ పరిశోధన సారాంశం. పిల్లల ఆహారం, ఆరోగ్యం, చదువుల విషయంలో కుటుంబాలు, ప్రభుత్వాలు తీసుకునే నిర్ణయాలకు ఈ అవగాహన కీలకం.

కొలమానం ఎలా పుట్టింది?

బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిభ వంశపారంపర్యంగా వస్తుందని వాదించారు. ప్రముఖుల కుటుంబాల్లో ప్రముఖులే ఎక్కువగా పుట్టడాన్ని ఆయన రుజువుగా చూపారు. ఆ కుటుంబాల సంతానానికి రక్తంతో పాటు సంపద, విద్య, పరిచయాలు కూడా సంక్రమిస్తాయన్న విషయానికి ఆయన తగిన ప్రాధాన్యం ఇవ్వలేదు.

ప్రజ్ఞను కొలిచే తొలి ఆచరణాత్మక పరీక్షను 1905లో ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్ రూపొందించారు. పాఠశాలలో వెనుకబడి, ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలను గుర్తించడమే దాని లక్ష్యం. ఆ పరీక్ష ఫలితాన్ని పుట్టుకతో వచ్చిన స్థిరమైన శక్తిగా భావించరాదని బినే అభిప్రాయం. 1912లో జర్మనీ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త విలియం స్టెర్న్ మానసిక వయస్సును శారీరక వయస్సుతో భాగించే పద్ధతిని ప్రతిపాదించారు. ఆ భాగఫలాన్ని 100తో హెచ్చించగా వచ్చేదే ప్రజ్ఞాలబ్ధి, అంటే ఐక్యూ.

నేటి పరీక్షల్లో ఒకే వయస్సు వారి సగటును 100గా నిర్ణయిస్తారు. సుమారు 68 శాతం మంది 85కు, 115కు మధ్య ఉంటారు. ప్రజ్ఞాలబ్ధి సంఖ్య సృజనాత్మకతను గానీ, శ్రద్ధను గానీ, సత్ప్రవర్తనను గానీ కొలవదు. అయినా పాఠశాల ఫలితాలతో దానికి గట్టి సంబంధం ఉన్నందువల్ల పరిశోధకులు దానిని ఉపయోగిస్తున్నారు.

కవలల సాక్ష్యం

సమరూప కవలలు ఒకే అండం నుంచి పుడతారు కనుక వారి జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. విభిన్న కవలలు సాధారణ తోబుట్టువుల వలె సగటున సగం జన్యు వైవిధ్యాన్ని మాత్రమే పంచుకుంటారు. రెండు రకాల కవలలూ ఒకే ఇంట్లో పెరుగుతారు. సమరూప కవలల ప్రజ్ఞాలబ్ధి మరింత సన్నిహితంగా ఉంటే, ఆ తేడా మేరకు జన్యువుల ప్రభావాన్ని అంచనా వేస్తారు.

శైశవంలోనే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన సమరూప కవలలు మరింత విలువైన ఆధారం. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుషార్డ్ 1979లో అటువంటి కవలల అధ్యయనాన్ని ప్రారంభించారు. ప్రజ్ఞాలబ్ధిలోని వ్యత్యాసాలలో సుమారు 70 శాతం జన్యు వైవిధ్యంతో ముడిపడి ఉన్నట్లు ఆయన బృందం 1990లో ప్రకటించింది. పిల్లలను దత్తత తీసుకున్న కుటుంబాలు చాలావరకు ఒకే స్థాయికి చెందినవి కావడం వల్ల ఈ అంచనా కొంత హెచ్చుగా ఉండవచ్చన్న విమర్శ ఉంది.

అంతకుముందు బ్రిటన్‌కు చెందిన సిరిల్ బర్ట్ ఇదే అంశంపై ప్రకటించిన గణాంకాలు విశ్వసనీయత కోల్పోయాయి. కవల జంటల సంఖ్య పెరుగుతూ వచ్చినా సహసంబంధ గుణకం మాత్రం 0.771 వద్ద కదలకుండా ఉండటాన్ని లియోన్ కామిన్ 1970వ దశకంలో ఎత్తిచూపారు. ఆ గణాంకాలను పక్కనపెట్టినా, అనేక దేశాలలో జరిగిన అధ్యయనాలు జన్యువుల పాత్ర గణనీయమేనని నిర్ధారించాయి.

వయస్సుతో పాటు ఈ పాత్ర పెరగడం మరో విశేషం. నాలుగు దేశాలకు చెందిన సుమారు 11,000 కవల జంటల సమాచారాన్ని విశ్లేషించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో అనువంశికత అంచనా 9 ఏళ్ల వయస్సులో 41 శాతం, 12 ఏళ్లకు 55 శాతం, 17 ఏళ్లకు 66 శాతంగా తేలింది. పెరిగే కొద్దీ మనిషి తన అభిరుచికి తగిన పుస్తకాలను, స్నేహాలను, వ్యాపకాలను తానే ఎంచుకుంటాడని, ఆ విధంగా పుట్టుకతో వచ్చిన మొగ్గు బలపడుతుందని శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు.

ఈ శాతాలకు అర్థం ఏమిటి?

అనువంశికత 60 శాతం అంటే, ఒక బిడ్డ తెలివిలో 60 పాళ్లు తల్లిదండ్రులు, 40 పాళ్లు బడి ఇచ్చాయని అర్థం కాదు. ఒక నిర్దిష్ట జనాభాలో, ఒక నిర్దిష్ట కాలంలో, మనుషుల మధ్య కనిపించే తేడాలలో ఎంత భాగం జన్యు భేదాలతో ముడిపడి ఉందో మాత్రమే ఆ సంఖ్య చెబుతుంది. జనాభా మారితే, పరిస్థితులు మారితే ఆ సంఖ్య కూడా మారుతుంది. అందరికీ ఒకే రకమైన ఆహారం, విద్య అందే సమాజంలో మిగిలే తేడాలు ఎక్కువగా జన్యుపరమైనవే కనుక అక్కడ అనువంశికత శాతం ఎక్కువగా నమోదవుతుంది.

అమెరికాలో ఏడేళ్ల కవలలపై ఎరిక్ టర్క్‌హైమర్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. సంపన్న కుటుంబాల పిల్లల మధ్య తేడాలు ప్రధానంగా జన్యుపరమైనవి కాగా, నిరుపేద కుటుంబాల్లో జన్యువుల పాత్ర దాదాపు శూన్యమని, సుమారు 60 శాతం తేడాకు ఇంటి పరిస్థితులే కారణమని అది పేర్కొంది. ఇతర అధ్యయనాలను కలిపి 2016లో చేసిన విశ్లేషణలో ఇటువంటి ధోరణి అమెరికాలో కనిపించింది. పశ్చిమ ఐరోపా, ఆస్ట్రేలియాలలో కనిపించలేదు. సంక్షేమం, విద్య, వైద్యం మరింత సమానంగా అందడం ఇందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

జన్యుపరమైనది మార్చరానిదన్న భావనకు ఫినైల్‌కీటోన్యూరియా అనే వ్యాధి సూటైన సమాధానం. ఒకే జన్యువులోని లోపం వల్ల వచ్చే ఈ వ్యాధికి చికిత్స అందకపోతే తీవ్రమైన బుద్ధిమాంద్యం కలుగుతుంది. పుట్టిన కొద్ది రోజులకే మడమ నుంచి తీసిన రక్తపు బొట్టుతో లోపాన్ని గుర్తించి, ఫినైల్‌అలనిన్ తక్కువగా ఉండే ఆహారం ఇస్తే బిడ్డ మెదడు దాదాపు సాధారణంగానే ఎదుగుతుంది. కారణం పూర్తిగా జన్యువులో ఉన్నా, నివారణ ఆహారంలో దొరికింది.

జన్యువుల అన్వేషణ

ప్రజ్ఞను నిర్ణయించే జన్యువు అంటూ ఒక్కటి లేదు. 2018లో సుమారు 2.7 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలించిన అంతర్జాతీయ బృందం ప్రజ్ఞతో సంబంధం గల 205 జన్యు స్థానాలను, వెయ్యికి పైగా జన్యువులను గుర్తించింది. వీటిలో ప్రతి ఒక్కదాని ప్రభావం అత్యల్పం. వేలాది జన్యు మార్పులను కూడి లెక్కించే స్కోరు కూడా ప్రజ్ఞ పరీక్షల్లోని తేడాలలో పదో వంతుకు మించి వివరించలేకపోయింది. పైగా ఈ అధ్యయనాలు అత్యధికంగా ఐరోపా మూలాలు గల వారిపై జరిగాయి. ఆ స్కోర్లు ఇతర జనాభాలకు సరిగా వర్తించవు. కనుక జన్యు పరీక్ష ద్వారా ఒక బిడ్డ భవిష్యత్తును చెప్పడం నేడు సాధ్యం కాదు. వేలిముద్రలను బట్టి పిల్లల ప్రజ్ఞను అంచనా వేస్తామంటూ మన దేశంలో ప్రచారంలో ఉన్న పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదు.

ఉప్పు నేర్పిన పాఠం

పరిసరాల ప్రభావానికి అత్యంత బలమైన నిదర్శనాల్లో అయోడిన్ ఒకటి. థైరాయిడ్ గ్రంథి స్రవించే హార్మోన్లకు ఇది మూలధాతువు. గర్భిణికి ఈ మూలకం తీవ్రంగా కొరవడితే గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. అయోడిన్ లోపం తీవ్రంగా ఉన్న ప్రాంతాల ప్రజలు లోపం లేని వారి కంటే ప్రజ్ఞాలబ్ధిలో సగటున 13 పాయింట్లకు పైగా వెనుకబడి ఉన్నట్లు 1994లో వెలువడిన విశ్లేషణ లెక్కగట్టింది.

భారత్‌లో ఈ సమస్యపై చారిత్రాత్మక అధ్యయనం 1956లో హిమాలయ ప్రాంతంలోని కాంగ్రా లోయలో ప్రారంభమైంది. దానికి సారథ్యం వహించినవారిలో ముఖ్యులు శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, మూడవ దానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. కొన్నేళ్లలోనే అయోడిన్ ఉప్పు అందిన మండలాల్లో గొంతువాపు వ్యాధి గణనీయంగా తగ్గింది. ఈ అనుభవం పునాదిగా 1962లో జాతీయ గొంతువాపు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. లోపం వల్ల మెదడుకు కలిగే నష్టంపై అవగాహన విస్తరించడంతో 1992లో దాని పేరును అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మార్చారు. అయోడిన్ లేని ఉప్పును ఆహారం కోసం విక్రయించడాన్ని 2006 నుంచి దేశవ్యాప్తంగా నిషేధించారు. తరతరాలుగా కొండ ప్రాంతాల ప్రజల జన్మసిద్ధ మాంద్యంగా కనిపించిన దానిలో చాలా భాగం, నేలలో ఒక మూలకం లేకపోవడం వల్ల వచ్చినదే.

సీసం, ఆకలి, అక్షరం

పిల్లల మెదడుకు సీసం మరో శత్రువు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉందని, వారిలో సుమారు 27.5 కోట్ల మంది భారత్‌లోనే ఉన్నారని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా వేశాయి. భారత్‌లో సీసం కలిపిన పెట్రోలు 2000లో కనుమరుగైంది. పాత బ్యాటరీలను కరిగించే చిన్న కార్ఖానాలు, కొన్ని రకాల రంగులు, కల్తీ మసాలాల ముప్పు మిగిలే ఉంది. బంగ్లాదేశ్‌లో పసుపునకు రంగు తెచ్చేందుకు కలిపే లెడ్ క్రోమేట్‌పై ప్రభుత్వం 2019లో కఠిన చర్యలు చేపట్టింది. ఆ ఏడాది 47 శాతం నమూనాల్లో కనిపించిన కల్తీ 2021 నాటికి సున్నాకు చేరింది.

పోషణ విషయంలో భారత్ పరిస్థితి ఆందోళనకరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయస్సుకు తగిన ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు వారిలో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ రెండూ మెదడు ఎదుగుదలకు ఆటంకాలే.

చదువు ప్రభావం కూడా కొలతకు అందుతుంది. 6 లక్షల మందికి పైగా సమాచారంతో 2018లో చేసిన విశ్లేషణలో అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి ప్రజ్ఞాలబ్ధి ఒకటి నుంచి అయిదు పాయింట్ల వరకు పెరిగినట్లు తేలింది. స్వీడన్‌లో 436 సోదర జంటలను పరిశీలించగా, దత్తత వెళ్లి మరింత చదువుకున్న కుటుంబంలో పెరిగిన సోదరుడు సొంత తల్లిదండ్రుల వద్ద పెరిగిన సోదరుని కంటే సగటున 4.4 పాయింట్లు ముందున్నాడు.

తరాల మధ్య మార్పు

20వ శతాబ్దంలో అనేక దేశాల్లో ప్రజ్ఞ పరీక్షల సగటు దశాబ్దానికి సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరిగింది. దీనిని వెలుగులోకి తెచ్చిన జేమ్స్ ఫ్లిన్ పేరిట ఇది ఫ్లిన్ ప్రభావంగా ప్రసిద్ధి. రెండు మూడు తరాల్లో జన్యువులు ఇంతగా మారవు కనుక కారణం పరిసరాలలోనే ఉండాలి. నార్వేలో తర్వాతి కాలంలో ఈ పెరుగుదల ఆగి తగ్గుదల మొదలైంది. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల మధ్య సైతం అదే ధోరణి ఉన్నట్లు 2018 అధ్యయనం చూపినందున, తగ్గుదలకు కూడా పరిసరాలే కారణమని తేలింది.

సమూహాలపై తీర్పులు చెల్లవు

వ్యక్తుల మధ్య తేడాలకు జన్యువులు కారణమైనా, సమూహాల మధ్య తేడాలకు కూడా అవే కారణమని చెప్పలేం. దీనిని జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ విత్తనాల ఉపమానంతో వివరించారు. ఒకే సంచిలోని విత్తనాలను సారవంతమైన మడిలో, నిస్సారమైన మడిలో చల్లితే, ఒక్కో మడిలో మొక్కల మధ్య తేడాలు విత్తనానివి; రెండు మడుల సగటుల మధ్య తేడా మాత్రం పూర్తిగా నేలది. ఈ విషయాన్ని విస్మరించిన దేశాలు ఘోర తప్పిదాలకు పాల్పడ్డాయి. ప్రజ్ఞ తక్కువన్న నెపంతో బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలను 1927లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ దేశంలో 60,000 మందికి పైగా బాధితులయ్యారు.

భారతీయ సందర్భంలో ఉత్తరప్రదేశ్ గ్రామీణ బాలురపై కార్లా హాఫ్, ప్రియాంక పాండే జరిపిన ప్రయోగం గమనార్హం. చిక్కుదారుల పజిళ్లను సాధించడంలో అగ్రకులాల, నిమ్నకులాల బాలురు సమానంగా రాణించారు. అందరి ఎదుట కులాన్ని ప్రకటించిన తర్వాత నిమ్నకులాల బాలుర ప్రదర్శన పడిపోయింది. మారింది గదిలోని వాతావరణం మాత్రమే.

జన్యువులు అందరికీ ఒకే సామర్థ్యాన్ని ఇవ్వవు. ఆ సామర్థ్యం వికసించే నేలను మాత్రం సమాజం సిద్ధం చేయగలదు. గర్భిణికి అయోడిన్, ఇనుము. శిశువుకు సీసం సోకని ఇల్లు. బాలలకు కడుపునిండా అన్నం, అవమానం లేని బడి, అక్కడ కొనసాగే మరికొన్ని ఏళ్ల చదువు అంతుచిక్కనివేమీ కావు. వీటి ఫలితం ఇప్పటికే లెక్కల్లో రుజువైంది. దేశంలోని మూడో వంతు పసివారు ఎదుగుదల లోపంతో ఉన్నంతకాలం, ఏ బిడ్డ పరిమితి పుట్టుకతో వచ్చిందో, ఏ బిడ్డది లేమి వల్ల వచ్చిందో చెప్పే ఆధారం మనకు ఉండదు.