కొనకముందే పాఠాన్ని పరీక్షించడం: తాటాకుల నాటి విద్య, డిజిటల్ పుస్తకాల నాటి అవసరం

పుస్తకం కొనదలచినప్పుడు దానిని చేతిలోకి తీసుకొని, నాలుగు పుటలు తిప్పి, కాగితమూ కుట్టూ అచ్చూ చూసి, ఆ తరువాతనే వెల అడగడం మన పెద్దల అలవాటు. అంతర్జాలంలో అమ్మే డిజిటల్ పుస్తకానికి ఆ వీలు లేదు. ముఖచిత్రం కనబడుతుంది, వెల కనబడుతుంది. లోపలి పాఠం ఎటువంటిదో చాలామందికి సొమ్ము చెల్లించిన తరువాతనే తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల వెలుపల తరతరాలుగా నివసిస్తున్న మనకు ఈ చిక్కు మరింత పెద్దది. తమిళనాడునే తీసుకోండి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి సాగి, పదవ తరగతి వరకు తమిళాన్ని తప్పనిసరి చేసింది. తెలుగు వంటి మాతృభాషలు ఐచ్ఛిక పాఠ్యాంశాల వరుసలోకి వెళ్లాయి. బడిలో తెలుగుకు చోటు తగ్గినకొద్దీ ఇంట్లోని పుస్తకానికి గురుత్వం పెరిగింది. ఆ పుస్తకంలో తప్పు ఉంటే, దిద్దేవారు లేని చోట బిడ్డ ఆ తప్పునే ఒప్పుగా నేర్చుకుంటాడు. కనుక కొనకముందే పాఠాన్ని పరీక్షించడం మనకు అత్యవసరమైన పని.

ఈ పరీక్ష కొత్తది కాదు. తాటాకుల కాలంలో ఒక్కొక్క ప్రతినీ లేఖకుడు ఘంటంతో వ్రాయవలసి వచ్చేది. వ్రాసిన ప్రతిసారీ ఒక అక్షరం జారేది, ఒక పాదం తప్పిపోయేది. 1817లో మద్రాసుకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ సంగతిని గ్రహించి, కడపలో పండితులను నియమించి, ఒకే గ్రంథానికి అనేక ప్రతులను తెప్పించి, వాటిని పోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆయన 1829లో ప్రకటించిన వేమన పద్యాల సంపుటిలో 693 పద్యాలుండగా, 1839 నాటి ముద్రణలో 1164 ఉన్నాయి. గ్రంథం పేరు ఒకటే అయినా, ఏ కూర్పు చదువుతున్నామో తెలియకపోతే ఏమి చదువుతున్నామో తెలియదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అచ్చుయంత్రం వచ్చాక ఈ బాధ్యత ప్రచురణకర్తల మీదికి వచ్చింది. 1854లో చెన్నపట్టణంలో వావిళ్ల రామస్వామి శాస్త్రులు నెలకొల్పిన ముద్రణాలయం తరువాతి తరాలకు శుద్ధపాఠానికి మారుపేరయింది. ఆనాటి మంచి పుస్తకంలో ముఖపత్రం మీద పరిష్కర్త పేరు, ముద్రణ సంవత్సరం, లోపల పీఠిక ఉండేవి. ఎన్నో పుస్తకాలకు చివర తప్పొప్పుల పట్టిక కూడ ఉండేది. తమ తప్పును తామే చెప్పుకొనే ఆ పట్టిక పాఠకునికి గొప్ప భరోసా.

కూర్పుల సంగతి ఆధునిక రచనలకూ వర్తిస్తుంది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1897లో ఒకసారి, బాగా పెంచి తిరగవ్రాసిన రూపంలో 1909లో మరొకసారి వెలువడింది. అంగట్లో ‘కన్యాశుల్కం’ అని మాత్రమే వ్రాసి, ఏ కూర్పో చెప్పని డిజిటల్ ప్రతి కనబడితే మీరు సందేహించడం న్యాయమే.

కంప్యూటరు యుగంలో మరొక చిక్కు వచ్చింది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికినా, మన అచ్చుపని చాలాకాలం వేరువేరు సంస్థల సొంత ఫాంట్లతోనే సాగింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం తెరమీది రూపం మాత్రమే. దాని అడుగున దాగి ఉండేది ఆంగ్లాక్షరమో, ఏదో గుర్తో. అటువంటి పుస్తకంలో మాటను వెదకినా దొరకదు; తీసి మరొకచోట అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. 2016లో అమెజాన్ సంస్థ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి గాని తెలుగు లేదు. ఇటువంటి కారణాలవల్లనే మన డిజిటల్ పుస్తకాలలో పుటల బొమ్మలుగా వచ్చినవి ఎన్నో ఉన్నాయి.

పాత పుస్తకాల బొమ్మలను పెద్దయెత్తున తీసినది 2000 తరువాత సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం. అది చేసిన మేలు ఎనలేనిది. అయితే వేగంగా సాగిన పని కనుక పుటలు జారినవి, వంకరగా పడినవి, అంచులు తెగినవి అందులో చాలా ఉన్నాయి. ఆ ప్రతులు ఎన్నో నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. వాటికే కొత్త అట్ట తొడిగి వెల కట్టడం ఎవరికైనా సులభమే. బొమ్మనుండి యంత్రం చదివి తీసిన పాఠమైతే మరొక ప్రమాదం: ప, వ, ఘ, మ, బ, భ వంటివి తారుమారవుతాయి, అరసున్న మాయమవుతుంది.

ఇక కొనేముందు చేయవలసిన పరీక్షలు చెబుతాను.

మొదటిది, మచ్చు పుటలు లేని పుస్తకాన్ని కొనకండి. ఉంటే అందులో ముఖపత్రం చూడండి. పరిష్కర్త ఎవరు, ఏ ముద్రణను అనుసరించారు, ఏ సంవత్సరం అన్నవి ఉన్నాయా?

రెండవది, అక్షరాలను పెద్దవి చేసి చూడండి. పంక్తులు తెర వెడల్పుకు సర్దుకుంటే అది అక్షరపాఠం. పుట మొత్తం పెద్దదై పక్కలకు జరిగితే అది బొమ్మ వంటిది. చిన్న ఫోనులో పిల్లలు చదవలేరు.

మూడవది, మచ్చులో కంటికి కనబడే ఒక మాటను వెదకి చూడండి. కళ్ల ముందున్న మాటే దొరకకపోతే అది బొమ్మో, పాత ఫాంటో అయి ఉంటుంది.

నాలుగవది, విషయసూచికలోని చివరి అధ్యాయం పుట సంఖ్యనూ, అమ్మేవారు చెప్పిన మొత్తం పుటల సంఖ్యనూ పోల్చండి. మొత్తం తక్కువైతే ఏవో పుటలు పోయినట్లే.

అయిదవది మన భాష మనకిచ్చిన కానుక. పద్యం తన కావలి తానే కాస్తుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతిస్థానం. చంపకమాలకు 21, యతి 11. శార్దూలానికి 19, యతి 13. మత్తేభానికి 20, యతి 14. నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరం ప్రాస. మచ్చులో ఒక పద్యం తీసుకొని వ్రేళ్ల మీద లెక్కించండి. ఒక అక్షరం తగ్గినా, ప్రాస తప్పినా తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. తాటాకు ప్రతులను దిద్దిన పండితులకు ఉపకరించినదీ ఈ ఛందస్సే. ఈ లెక్కను ఉన్నత తరగతుల పిల్లలచేత చేయించండి. పుస్తక పరీక్షా అవుతుంది, ఛందస్సు పాఠమూ అవుతుంది.

వెల గురించి ఒక మాట. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లకు గ్రంథస్వామ్యం ముగుస్తుంది. గురజాడ, వీరేశలింగం వంటివారు వ్రాసిన మూలం అందరిదీ. అటువంటి పుస్తకానికి మనం చెల్లించే సొమ్ము మూలానికి కాదు. పరిష్కరణకు, పీఠికకు, టిప్పణికి, శ్రద్ధగా చేసిన దిద్దుబాటుకు. ఆ శ్రమ కనబడితే సంతోషంగా కొనండి. కనబడకపోతే ముందుగా తెలుగు వికీసోర్స్‌లో చూడండి. అక్కడ ఒకరు దిద్దిన పుటకు పసుపు రంగు, మరొకరు సరిచూసి ఆమోదించిన పుటకు ఆకుపచ్చ రంగు గుర్తుగా ఉంటాయి. ఏ పుటను ఎంత నమ్మవచ్చునో బాహాటంగా చెప్పే ఆ పద్ధతి పాత తప్పొప్పుల పట్టికకు నేటి రూపం.

శ్రద్ధగా దిద్దిన పుస్తకాన్ని మనం వెలపెట్టి కొంటేనే దిద్దేవారు మిగులుతారు. దిద్దనిదానిని కొంటూపోతే అటువంటివే పెరుగుతాయి. పది నిమిషాలు వెచ్చించి పరీక్షించండి. మీ ఇంటి బిడ్డ చేతికి శుద్ధమైన తెలుగు అందించండి.