నల్ల నూనె నుంచి నల్లా నీళ్ళ దాకా: వైద్యంలో రుజువుల కథ

మాలకంగుని గింజలు, సాంబ్రాణి, లవంగాలు, జాజికాయ, జాపత్రి. వీటిని చిల్లుల కుండలో వేసి కాచి దించిన నల్లటి నూనె పది పదిహేను చుక్కలు, రోజుకు రెండు పూటలు. బెరిబెరికి ఇది తిరుగులేని మందని రెండు వందల ఏళ్ళ కిందట మద్రాసు సైన్యంలో పనిచేసిన హెర్క్‌లాట్స్ అనే డాక్టరు చాటాడు.  

నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆ జబ్బు చిరునామా. బెరిబెరికి ఆనాడు పేరుమోసిన చోటు ఉత్తర సర్కారులు, గంజాం దాకా సాగే మన తీరం. ఇప్పటి శ్రీకాకుళం జిల్లా టెక్కలి అప్పట్లో గంజాం జిల్లాలోదే, 1936లో ఒడిశా ఏర్పడేదాకా. అంటే అక్కడి ఉద్దానం పల్లెల కిడ్నీ జబ్బుకు నూటయాభై ఏళ్ళకు పైగా ముందే, ఇదే తీరం అంతుచిక్కని జబ్బుకు పుస్తకాల్లోకెక్కింది. కాళ్ళు తిమ్మిరెక్కడం, ఒళ్ళు వాయడం, ఆయాసం, ఉన్నట్టుండి ప్రాణం పోవడం. కారణమేమిటంటే సముద్రపు గాలి అన్నారు, తేమ అన్నారు, రాత్రి చలి అన్నారు.

మద్రాసు మెడికల్ బోర్డు ఈ జబ్బు మీద వ్యాసానికి బహుమతి ప్రకటించింది. గెలిచినవాడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే స్కాట్లాండు డాక్టరు. 1835లో మద్రాసులో అచ్చయిన ఆ పుస్తకంలో సైనిక ఆసుపత్రుల అనుభవమంతా ఒకచోట చేర్చాడు. ఆ మాటకొస్తే మనిషికి రాళ్ళ పిచ్చి కూడా ఉంది. దక్కన్ శిలాజాల మీద వ్యాసం రాసి భూగర్భ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడు. రాళ్ళను పొరపొరగా విడదీసి చూడగలిగినవాడు, జబ్బు దగ్గరికొచ్చేసరికి ‘ఈ మందిస్తే ఫలానా సిపాయి లేచి కూర్చున్నాడు’ దగ్గరే ఆగాడు. ఇవ్వనివాళ్ళు ఎందరు లేచారన్నది ఆ రోజుల్లో ఎవరికీ తట్టని ప్రశ్న. రోగిని ఊరు మార్చడం కూడా అప్పటి వైద్యమే. కోలుకుంటే మెచ్చుకోలు గాలికి దక్కేది. ఊరు మారితే తిండీ మారుతుంది కదా!

ఎవరికీ తట్టలేదంటే పూర్తిగా నిజం కాదు. 1747లోనే జేమ్స్ లిండ్ ఓడ మీద స్కర్వీ పట్టిన పన్నెండు మందిని ఇద్దరిద్దరుగా విడదీసి ఆరు రకాల మందులిచ్చాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరూ ముందు కోలుకున్నారు. బ్రిటిష్ నౌకాదళం దాన్ని ఆచరణలో పెట్టేసరికి 1795 వచ్చింది.

మన జబ్బు ముడి వీడింది సముద్రానికి ఆవలి ఒడ్డున. 1905లో కౌలాలంపూర్ పిచ్చాసుపత్రిలో విలియం ఫ్లెచర్ రోగులను వరసగా నిలబెట్టి నంబర్లు పెట్టాడు. బేసి నంబర్లు ఒక వార్డుకు, సరి నంబర్లు ఎదుటి వార్డుకు. బేసి వాళ్ళకు మామూలుగా పెట్టే సయాం పచ్చిబియ్యం, సరి వాళ్ళకు అదే కొలతలో ఇండియా నుంచి వచ్చిన ఉప్పుడు బియ్యం. తక్కినదంతా ఒకటే. మధ్యలో వార్డులు కూడా మార్పించాడు, తప్పు గోడలదేమోనని. ఏడాది తిరిగేసరికి పచ్చిబియ్యం తిన్న 120 మందిలో ముప్ఫై మందికి పైగా బెరిబెరి, 18 చావులు. ఉప్పుడు బియ్యం తిన్న 123 మందిలో జబ్బు కనిపించింది ఇద్దరికే, వాళ్ళూ చేరేటప్పుడే దానితో వచ్చినవాళ్ళు.

వడ్లు ఉడకబెడితే తవుడులోని థయమిన్ అనే విటమిన్ (అది లోపిస్తేనే బెరిబెరి) గింజ లోపలికి దిగుతుంది, పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. పచ్చిబియ్యాన్ని తెల్లగా పట్టి, కడిగి, గంజి వార్చి తింటే మిగిలేది పిండిపదార్థం. సర్కారు జిల్లాల్లో పచ్చిబియ్యమే అలవాటు, తమిళ సీమలో ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. కానీ మాల్కంసన్ కాలానికి బియ్యపు మరలు లేవు. కాబట్టి ఆయన చూసినదంతా మనం అనుకునే బెరిబెరియేనా అని అనుమానపడాల్సిందే.

ఫ్లెచర్ పద్ధతిని ఎంత మెచ్చుకున్నా, ఆ రోగులను ఒక్కమాట అడిగినవాడు లేడన్నది మింగుడుపడదు. ఈ కథలో మనం పోగొట్టుకున్నదేమిటంటే, ఏ పద్దులోనూ సిపాయిల పక్కన మన పల్లెజనం లేరు. పలాసలో, మందసలో ఆనాడు ఎవరు ఎలా పోయారో చెప్పే కాగితమే లేదు.

ఫ్లెచర్ తర్వాతి వందేళ్ళు గబగబా దాటేయొచ్చు. 1959లో మద్రాసు క్షయ కేంద్రం, ఇంటి దగ్గర మందులు మింగినవాళ్ళు శానిటోరియంలో ఉన్నవాళ్ళకు తీసిపోకుండా కోలుకుంటారని చీటీల పద్ధతిలో పంచి చూసి తేల్చింది. ప్రయోగాలన్నీ వెతికి, జల్లెడపట్టి, ఒకచోట పెట్టే కోక్రేన్ సంస్థ 1993లో పుట్టింది. 2007లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కోక్రేన్ లైబ్రరీకి దేశం మొత్తం తరఫున చందా కట్టింది.

ఇక ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఏ కొబ్బరితోటలో ఆగి అడిగినా కారణం నీళ్ళే అంటారు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 1937లో షార్ట్ అనే డాక్టరు బృందం నెల్లూరు వైపు ఎముకల జబ్బును నీటిలోని ఫ్లోరైడ్‌తోనే ముడిపెట్టింది. అయితే ఇక్కడ నీళ్ళు, పురుగుమందులు, ఎండలో పని, సిలికా అన్నీ అనుమానితులే, ఒక్కదాని మీదా నేరం రుజువు కాలేదు. జబ్బు ఎందరికన్నదీ సర్వేను బట్టి మారింది. ఒకటి 18 శాతం అంది, ఇంకోటి 21. రక్తపరీక్ష ఒక్కసారి చేశారా, మూడు నెలలాగి మళ్ళీ చేశారా అని అడక్కుండా ఏ అంకె మీదా ప్రమాణం చేయలేం.

2023 డిసెంబరు 14న హిరమండలం నుంచి వంశధార నీళ్ళు ఉద్దానం ఊళ్ళకు వదిలారు. అదేరోజు పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. నీళ్ళు ఏ ఊరికి ఏ నెలలో చేరాయో, ఏ ఇల్లు ఇంకా బోరునీళ్ళే తాగుతోందో రాసి పెట్టాలి. ఆ పద్దు పక్కన ఏటేటా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ లెక్క ఊరివారీగా రాసి, జనం ముందు పెట్టాలి. జబ్బు తగ్గినా తగ్గకపోయినా ఆ లెక్క అచ్చు వేయాలి. ఊళ్ళన్నిటికీ నీళ్ళు చేరిపోయాక పోల్చడానికి రెండో వరస మిగలదు.