రాత్రి దారికి వెలుగు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రోడ్ల మీద కారు హెడ్‌లైట్ల చరిత్ర

కారు హెడ్‌లైట్ల గురించి రాసేవాళ్లంతా ఒకే వరుస చెబుతారు. మొదట కిరసనాయిలు దీపం, తర్వాత ఎసిటిలీన్ గ్యాసు దీపం, ఆపైన కరెంటు బల్బు, సీల్డ్ బీమ్, హాలోజెన్, ఇప్పుడు ఎల్‌ఈడీ. కొత్త బల్బు వచ్చినప్పుడల్లా చీకటి ఇంకొంత తొలగిందని, రాత్రి ప్రయాణం అంత క్షేమమైందని ఈ కథనం చెప్పకనే చెబుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య రోడ్ల మీద జరిగినదాన్ని దగ్గరగా చూస్తే ఈ వరుస చాలా పలచన అనిపిస్తుంది. మన కార్ల గుడ్డి వెలుగుకు బల్బు మీద పడ్డ నింద పెద్దది, బల్బు చేసిన తప్పు చిన్నది. బ్యాటరీ నుంచి బల్బుకు చేరేలోపు కరెంటు దారిలోనే పోయేది. చేరిన కరెంటు ఇచ్చిన వెలుగైనా పడాల్సిన చోట పడేది కాదు. వీటిలో మొదటి లోపాన్ని చాలావరకు సరిదిద్దింది హైవే పక్క రేకుల షెడ్లలో పనిచేసిన ఆటో ఎలక్ట్రీషియన్లు. రెండో లోపం ఈనాటికీ అలాగే ఉంది.

తొలి దశలను త్వరగా దాటిపోవచ్చు. అమెరికాలో క్యాడిలాక్ కార్లకు 1912లోనే కరెంటు దీపాలు వచ్చాయి. నిజాం రాష్ట్ర రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది 1932 జూన్‌లో. కాబట్టి నూనె దీపాల, గ్యాసు దీపాల దశ మన రోడ్లను పెద్దగా తాకలేదు. ఎదురు బండి రాగానే వెలుగును కిందికి దించే రెండు ఫిలమెంట్ల బల్బు 1920ల మధ్యలోనే యూరప్‌లో తయారైంది. అద్దం, రిఫ్లెక్టరు, ఫిలమెంటు కలిపి మూసేసిన సీల్డ్ బీమ్‌ను అమెరికా 1940లో తప్పనిసరి చేసింది. 1962లో మొదటి హాలోజెన్ కారు బల్బు, 1971లో రెండు ఫిలమెంట్ల హెచ్4 బల్బు యూరప్‌లో వచ్చాయి. ఈ తేదీలన్నీ తయారీకి సంబంధించినవి. ఆ వెలుగు ఈ దారిలోని మునగాల దగ్గర రోడ్డు మీద ఎంత పడిందో వీటినిబట్టి తెలియదు.

1950ల చివరి నుంచి మూడు దశాబ్దాల పాటు ఈ దారుల్లో ఎక్కువగా కనిపించిన కారు అంబాసిడర్. దాని ముందు ఏడంగుళాల గుండ్రటి దీపాలు ఉండేవి. పాత మోడళ్లలో కరెంటు పుట్టించేది డైనమో. ఇంజను నెమ్మదిస్తే డైనమో నెమ్మదించేది, దాంతో పాటే వెలుగూ కుంగేది. హైదరాబాద్–విజయవాడ రోడ్డు అప్పట్లో సూర్యాపేట, కోదాడ బజార్ల గుండానే పోయేది. ఎడ్లబండికో గేదెల మందకో కారు నెమ్మదించిన క్షణంలోనే, అంటే వెలుగు మరీ అవసరమైనప్పుడే, దీపాలు ఎర్రబడేవి. వెలుగును కిందికి దించే డిప్పర్ మీట క్లచ్ పక్కన, కింద నేల మీద ఉండేది, కాలితో నొక్కాలి. బురద కాళ్లు, వాన నీళ్లు తగిలేది సరిగ్గా అక్కడే. మీట లోపలి రాగి ముక్కలు చిలుము పట్టేవి. హెడ్‌లైట్లకు పోయే కరెంటంతా వాటి మీదుగానే పోవాలి.

అయినా ఆ కాలంలో రాత్రి రద్దీ తక్కువ, వేగమూ తక్కువ. గుడ్డి వెలుగు నిజమైన ప్రమాదంగా మారింది నాగార్జునసాగర్ నీళ్లు వచ్చాకే అని నా అభిప్రాయం. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు మాగాణి అయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు లేచాయి. మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు సున్నపురాయి నేలల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ధాన్యం, బియ్యం, సిమెంటు లారీలు రాత్రిపూటే ఎక్కువగా కదులుతాయి. వాటితో పాటు వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు, కోతల కాలంలో రోడ్డు సగం ఆక్రమించి ఆరబోసిన వడ్లు, వడ్ల చుట్టూ వరసగా పేర్చిన రాళ్లు. మిల్లుల ఊక బూడిద, సిమెంటు దుమ్ము దీపాల అద్దాల మీద పొరగా పేరుకునేవి. హెడ్‌లైట్ల చరిత్ర రాసేవాళ్లు ఈ పంటల చరిత్రను పక్కన పెట్టడం వల్లే వాళ్ల కథనం గాలిలో తేలుతుంది. దీపం ఎంత వెలగాలో నిర్ణయించేది దాని ముందున్న రోడ్డు.

ఇక అసలు వివాదం ఉన్న కాలానికి వద్దాం. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పటి నుంచి 2012లో హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి నాలుగు వరుసలయ్యేదాకా దాదాపు ముప్పై ఏళ్లు. ఈ కాలం గురించి రెండు మాటలు బాగా వ్యాప్తిలో ఉన్నాయి. ఒకటి, హెడ్‌లైట్ల పైభాగానికి నల్లరంగు పూయించి ఎదుటివాళ్ల కళ్లను కాపాడారని. రెండు, కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల బల్బు తీసేసి 100/90 వేసుకోవడంతో గుడ్డి వెలుగు సమస్య తీరిందని. రెండూ నిలబడవు.

ముందు నల్లరంగు సంగతి. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. అది ఫిలమెంటు వెలుగును కిందికి పోనివ్వదు. వెలుగంతా రిఫ్లెక్టరు పై సగం మీద పడి, అక్కణ్నుంచి కొద్దిగా కిందికి వంగి రోడ్డు మీదికి పోతుంది. అంటే డిమ్ వెలుగు బయటికి వచ్చేది ప్రధానంగా అద్దం పై సగం నుంచే. అక్కడ నల్లరంగు పూస్తే రోడ్డు మీద పడాల్సిన డిమ్ వెలుగునే మూసినట్టు. రోడ్డు కనిపించక డ్రైవరు హై బీమ్ వేస్తాడు. హై బీమ్‌కు అద్దం కింది సగం ఎలాగూ తెరిచే ఉంది. కళ్లను కాపాడాల్సిన రంగు చివరికి కళ్లలో కొట్టే వెలుగునే పెంచింది. పాత సీల్డ్ బీమ్‌ల విషయంలో ఇంత గట్టిగా చెప్పలేం. వాటిలో దొప్ప లేదు, వెలుగు రిఫ్లెక్టరు మొత్తం నుంచి వచ్చేది, కాబట్టి రంగు కళ్లలో కొట్టే వెలుగును కొంత తగ్గించి ఉండవచ్చు. ఆ కాలపు అలవాటును హెచ్4 బండ్లకూ అంటగట్టడమే పొరపాటు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు అడిగింది కూడా వేరు. ఎనిమిది మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి వెలుగు కొట్టకుండా దీపం కిందికి వంగి ఉండాలన్నాయి. అది దీపం దిశకు సంబంధించిన విషయం. స్క్రూ తిప్పి సరిచేయాల్సిన పనిని రంగు డబ్బాతో చేశారు.

100/90 బల్బు కథలో ఆధారాలు ఇంకా స్పష్టం. ఫిలమెంటు బల్బుకు అందే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. ఇప్పుడు ఓ పదేళ్ల పాత కారును తీసుకుందాం. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. అక్కడి నుంచి స్టీరింగు పక్క మీటకు, మీట నుంచి బల్బు హోల్డరుకు సన్నని వైరు, నాలుగైదు అతుకులు, చివర తుప్పు పట్టిన బాడీ ఎర్త్. దారి మొత్తం మీద నిరోధం 0.15 ఓమ్ అనుకుందాం. హై బీమ్ మీద రెండు 60 వాట్ల బల్బులు పది ఆంపియర్లు లాగుతాయి. వోల్టున్నర దారిలోనే పోతుంది, వెలుగులో మూడో వంతు పోతుంది. అదే వైరింగుకు 100 వాట్ల బల్బులు తగిలిస్తే పదహారు ఆంపియర్ల దాకా కరెంటు నడుస్తుంది. ఎక్కువ కరెంటు నడిస్తే పోయేదీ ఎక్కువే. రెండు వోల్టులకు పైగా కోల్పోయి, ఆ బల్బు తన వెలుగులో సగం దగ్గరకు పడిపోతుంది. ఇది కాలువ లాంటిదే. చివరి ఆయకట్టుకు నీళ్లు అందాలంటే కాలువ పూడిక తీయాలి. పై నుంచి ఎక్కువ వదిలితే గట్లు తెగుతాయి. ఇక్కడ తెగింది హోల్డర్లు. ప్లాస్టిక్కు కరిగేది, మీటలు మాడేవి, రిఫ్లెక్టరు మీది మెరుపు పూత పొక్కేది. అంత చేసి డ్రైవరుకు దక్కిన అదనపు వెలుగు కొద్దిపాటిదే.

పూడిక తీసే పని చేసింది రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు. పని చూడ్డానికి చిన్నది. షెడ్లలోని ఎలక్ట్రీషియన్లు నాలుగు కాళ్ల రిలే డబ్బీ ఒకటి బానెట్ కింద బిగిస్తారు. 30 అని రాసి ఉన్న కాలికి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా మందపాటి వైరు. 87 నుంచి బల్బుకు అంతే మందపాటి వైరు. 85, 86 కాళ్లలో ఒకటి ఎర్త్‌కు, రెండోదానికి కారు పాత హెడ్‌లైటు వైరు. ఇప్పుడు స్టీరింగు పక్క మీట మోసేది రిలేను కదిలించే చిటికెడు కరెంటును మాత్రమే. బల్బుకు కావలసింది బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో నేరుగా అందుతుంది. డిమ్‌కు ఒక రిలే, హై బీమ్‌కు ఒకటి, తాజాగా గీకి బిగించిన ఎర్త్. అవే 60/55 బల్బులు పసుపు రంగు వదిలి తెల్లగా వెలుగుతాయి. పైన వేసిన లెక్క ప్రకారం, రిలే ఉన్న 60 వాట్లు, రిలే లేని 100 వాట్ల కంటే ఎక్కువ వెలుగిస్తాయి.

మల్టీమీటరుతో ఎవరైనా దీన్ని పరీక్షించుకోవచ్చు. ఇంజను నడుపుతూ లైట్లు వేసి, మీటరు ఒక ముల్లును బ్యాటరీ ప్లస్ మీద, రెండోదాన్ని వెలుగుతున్న బల్బు ప్లస్ కాలి మీద పెట్టాలి. కనిపించే అంకె దారిలో పోయిన వోల్టేజీ. అర వోల్టు లోపు ఉంటే బల్బు మార్చే పనే లేదు. ఎర్త్ వైపు కూడా ఇలాగే చూడాలి, చాలా బండ్లలో దొంగ అక్కడే ఉంటాడు.

రిలే కథను మరీ పొగడకూడదు. ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగిన షెడ్లు ఉన్నాయి, దానివల్ల బానెట్ కింద మంటలు లేచే ప్రమాదం ఉంది. నిండు వోల్టేజీ అందిన బల్బు త్వరగా మాడుతుంది. రిలే పెట్టి, దానితో పాటు 100/90 కూడా వేసుకున్నవాళ్లు ఎదుటివాళ్లకు చేసిన హాని తక్కువేం కాదు. లారీల వెనక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని పెయింటరు రాసిన ప్రతిసారీ, వెలుగు ఒక్కరి సొత్తు కాదని ఆ రోడ్డు మీద అందరికీ గుర్తు చేయాల్సి వచ్చింది.

2012లో రోడ్డు నాలుగు వరుసలు కావడం ఏ బల్బూ చేయలేని మేలు చేసింది. మధ్య డివైడరు మీద పెంచిన గన్నేరు, కాగితపూల పొదలు ఎదురు వెలుగును చాలావరకు అడ్డుకుంటాయి. సూర్యాపేట, కోదాడలకు బైపాస్‌లు వచ్చాయి. నార్కట్‌పల్లి–అద్దంకి దారి కూడా వెడల్పయి మిర్యాలగూడ మీదుగా పోతోంది. కానీ రోడ్డు మెరుగైనంతగా వేగమూ పెరిగింది. మన రోడ్ల నిర్మాణ ప్రమాణాల ప్రకారం గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ఆగడానికి 180 మీటర్ల దూరం కనిపించాలి. డిమ్ వెలుగులో నల్లటి దుస్తులు వేసుకున్న మనిషి యాభై, అరవై మీటర్ల దూరంలో కనిపిస్తే గొప్ప. ఏ ఎల్‌ఈడీ ఈ లెక్కను పూర్తిగా మార్చలేదు.

ఇప్పటి స్థితి నాకు తృప్తినివ్వడం లేదు. కొత్త కార్లతో వచ్చే ఎల్‌ఈడీ దీపాలు మంచివే, వాటి రిఫ్లెక్టరు, లెన్సు ఆ దీపానికే తయారైనవి. హాలోజెన్ కోసం చేసిన డోమ్‌లో బజారు ఎల్‌ఈడీ బల్బు దూర్చడం వేరు సంగతి. రిఫ్లెక్టరు లెక్కంతా ఫిలమెంటు ఉన్న చోటును బట్టి ఉంటుంది. ఆ చోటు జరిగితే వెలుగు చెట్ల మీదా, ఎదుటివాళ్ల కళ్లలోనూ పడుతుంది. కారు ముందు పది మీటర్లు పట్టపగలులా కనిపిస్తుంది కాబట్టి డ్రైవరు బాగుందనుకుంటాడు, దూరంగా ఉన్న ట్రాక్టరు మాత్రం కనిపించదు. సంక్రాంతి ముందు తెల్లవారుజాము మంచులో ఆ నీలి తెలుపు వెలుగు తెరలా తిరిగి డ్రైవరు కళ్లలోనే కొడుతుంది. అదే సంక్రాంతికి డిక్కీ నిండా సామాను, వెనక సీట్లో ముగ్గురు కూర్చోగానే కారు ముక్కు పైకి లేస్తుంది. దాన్ని సరిచేయడానికే చాలా కార్లలో స్టీరింగు పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పేవాళ్లు అరుదు. గాజు అద్దాల స్థానంలో వచ్చిన ప్లాస్టిక్ అద్దాలు మన ఎండకు కొన్నేళ్లలో పసుపెక్కి వెలుగును మింగుతాయి.

అమెరికాలో హైవే భద్రత మీద పనిచేసే బీమా కంపెనీల సంస్థ 2016 నుంచి హెడ్‌లైట్లకు విడిగా గ్రేడ్లు ఇస్తోంది. మన భారత్ ఎన్‌క్యాప్ 2023లో మొదలైంది, దాని నక్షత్రాలు ప్రధానంగా ఢీకొన్నప్పుడు లోపలివాళ్ల రక్షణ గురించే. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ పదిహేనేళ్లలో దాని దీపం ఎటు చూస్తోందో అడిగే వ్యవస్థ లేదు. పొగ పరీక్షకు మాత్రం అదే కారు క్రమం తప్పకుండా పెట్రోలు బంకు పక్కన నిలబడుతుంది. అక్కడే ఒక గోడ మీద గీత గీసి, పది మీటర్ల దూరంలో డిమ్ వెలుగు అంచు దీపం ఎత్తుకన్నా పది, పదిహేను సెంటీమీటర్లు కిందికి పడుతోందో లేదో చూడవచ్చు. మల్టీమీటరుతో బల్బు దగ్గరి వోల్టేజీ చూడడానికి ఐదు నిమిషాలు చాలు. పొగ పరీక్షను తప్పనిసరి చేయగలిగిన ప్రభుత్వానికి ఇది భారం కాదు. కోదాడ, మిర్యాలగూడ షెడ్లలో ఈ పని తెలిసినవాళ్లు ముందే ఉన్నారు. వాళ్ల చేతికి అధికారిక గుర్తింపు, ఒక కొలబద్ద ఇస్తే, మరో కొత్త బల్బు కోసం ఎదురుచూడకుండానే ఈ దారుల్లో రాత్రి ప్రయాణం ఇప్పటికన్నా క్షేమమవుతుంది.