కాగితపు క్రొమటోగ్రఫీ పుట్టుపూర్వోత్తరములు

1855వ సంవత్సరమున జర్మను రసాయనజ్ఞుడు ఫ్రీడ్‌లీబ్ ఫెర్డినాండ్ రుంగె వెలువరించిన ఒక గ్రంథమున, అచ్చుబొమ్మలకు మారుగా అద్దుడు కాగితపు తునుకలే అతికింపబడి యుండెను. ఒక లవణద్రావణపు చుక్కపై వేరొక ద్రావణపు చుక్కను వదలగా, అవి కాగితపు పోగుల వెంట ప్రాకి, కలిసి, విడివడి, వలయములుగను రేకులుగను తమంత తామే తీర్చుకొన్న చిత్రములవి. కాఫీగింజలనుండి కెఫీనును, బొగ్గు తారునుండి ఫినాలును వేరుపరచిన ఆ మహనీయుడు, ఈ వలయములందు పదార్థములకు సహజమైన యొక రూపనిర్మాణశక్తిని దర్శించి, వాటి సౌందర్యమునకు ముగ్ధుడయ్యెను. ఏ పదార్థము ఎంత దూరము ప్రాకినదో కొలువవలసిన అగత్యమును కల్పించు ప్రశ్న అప్పటికింకను పుట్టలేదు.

రష్యను వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెట్, సుద్దపొడి దట్టించిన గాజుగొట్టము గుండ ఆకుపసరును దించి, పచ్చని, పసుపుపచ్చని పట్టీలుగ విడదీసి, 1906లో ఆ పద్ధతికి క్రొమటోగ్రఫీ యని పేరిడెను. అదియు పాతికేండ్లపాటు అనాదృతమై, 1931లో హైడెల్‌బర్గు నగరమున మరల ప్రాణము పోసికొన్నది.

కాగితమును ప్రయోగశాలకు రప్పించిన ప్రశ్న ఉన్నినుండి పుట్టినది. ఇంగ్లండులో లీడ్స్ నగరమునందలి ఉన్ని పరిశ్రమల పరిశోధనసంస్థలో, ఉన్నియందలి ప్రోటీను ఏయే ఆమినో ఆమ్లముల కూర్పో తెలిసికొనవలెనని ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ అను యువకులు పూనుకొనిరి. ఒకదానినొకటి మిక్కిలి పోలియుండు ఆ ఆమ్లములను వేరుచేయుటకై వారు సిలికాజెల్లులో నీటిని నిలిపి, దానిమీదుగ క్లోరోఫాంను ప్రవహింపజేసిరి. ఈ రెండు ద్రవములలో దేనియందు ఏది ఎంతగా కరుగునో, దానినిబట్టి ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క వేగముతో సాగును. 1941లో ప్రకటితమైన ఈ విభజనసూత్రమునకే 1952లో నోబెల్ బహుమానము లభించినది. అయితే ఆమినో ఆమ్లములను వాటి సహజస్థితిలో వేరుచేయుటకు సిలికా అనువుపడక, నీటిని పట్టియుంచు వేరొక వస్తువునకై వెదకగా, సెల్యులోజుతో నిండిన వడపోత కాగితమే చేతికందినది. మార్టిన్, అతని సహచరులు కాన్స్‌డెన్, గార్డన్ 1944లో ఆ పద్ధతిని లోకమునకు వెల్లడించిరి.

కాగితపు అంచుకు కొంత దిగువగ పెన్సిలుతో గీత గీసి (సిరాతో గీచినచో సిరాయే ప్రవహించి చెడగొట్టును), సన్నని గాజుగొట్టపు మొనతో చుక్క పెట్టి, ఆరనిచ్చి, మూసిన పెట్టెలో పైనున్న తొట్టిలోని ద్రావణిలో ఆ అంచు మునుగునట్లు వ్రేలాడదీయుదురు. ద్రావణి రాత్రియంతయు నెమ్మదిగ క్రిందికి దిగును. తీసి ఆరబెట్టిన కాగితముపై ఏమియు కనబడదు. నిన్‌హైడ్రిను చల్లి వేడిచేసినప్పుడే ఊదారంగు మచ్చలు తేలును, ప్రోలీను మాత్రము పసుపుపచ్చగ నుండును. మచ్చ నడచిన దూరమును ద్రావణి నడచిన దూరముచే భాగింపగా వచ్చు సంఖ్య, అవే పరిస్థితులలో, ఆయా పదార్థమునకు గుర్తు. ఒకే ద్రావణిలో రెండు మచ్చలు కలిసిపోయినచో, కాగితమును పక్కకు త్రిప్పి వేరొక ద్రావణిలో మరల నడిపింతురు. లీడ్సువారు ఇందుకు వాడిన ద్రావణులలో నొకటి రుంగె తారునుండి తీసిన ఆ ఫినాలే.

కొన్ని మైక్రోగ్రాముల పదార్థముతోనే ఇంతటి పని జరుగుట ఆ కాలమునకు మహాద్భుతము. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ ఇన్సులినును ముక్కలు చేసి, వాటిని కాగితముపై విడదీసి, 51 ఆమినో ఆమ్లముల వరుసను నిర్ణయించెను. బర్క్‌లీలో మెల్విన్ కాల్విన్ బృందము రేడియోధార్మిక కార్బనును ఆల్గేల కందించి, అది కిరణజన్య సంయోగక్రియలో ఏయే పదార్థములుగ మారుచున్నదో కాగితముపైననే జాడ తీసెను. మన దేశమున బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో కె.వి. గిరి, 1950 దశకపు తొలినాళ్లలో, ద్రావణిని కాగితము నడుమనుండి నలుదిక్కులకు ప్రసరింపజేయు వృత్తాకార పద్ధతిని ఆమినో ఆమ్లముల గుర్తింపునకై పెంపొందించెను. వెలగల యంత్రములు అందుబాటులో లేని ప్రయోగశాలలకు కాగితమును, కొలదిపాటి ద్రావణియును చాలుననుట నా మనసున ఆ పద్ధతికి గల పెద్ద గౌరవము.