సింజా వీధులు, తండాలె సందులు

టాంజానియాలోని దారెస్సలాంలో సింజా, తండాలె ఇరుగుపొరుగు పేటలు. సింజాలో ఏ గుమ్మంలోంచి బయల్దేరినా నాలుగైదు మలుపుల్లో షేకిలాంగో రోడ్డు మీదికి వచ్చి డలడల బస్సు ఎక్కొచ్చు. తండాలెలో అది అంత సులువు కాదు. ఒక సందు ఎవరిదో వెనక గోడ దగ్గర ఆగిపోతుంది, ఇంకోటి పెరట్లోకి తేలుతుంది, మరోటి ఎన్‌గోంబే వాగు గట్టున తెగిపోతుంది. రెండుచోట్లా ఉన్నది రెక్కల కష్టంతో ఇల్లు కట్టుకున్నవాళ్లే. తేడా ఎప్పుడో యాభై ఏళ్ల కిందట పడింది. సింజాలో కాపురముంటున్న తెలుగువాణ్ణి కనుక ఆ కథ మనవాళ్లకు చెప్పాలనిపించింది.

ఈ ఊరు మరీ పాతదేం కాదు. 1860ల్లో జాంజిబార్ సుల్తాను మజీద్ ఇక్కడి రేవు చూసి ముచ్చటపడి కట్టడాలు మొదలుపెట్టాడు. 1870లో ఆయన పోవడంతో పనులు పడకేశాయి. 1891లో జర్మన్లు తమ వలస రాజధానిని ఇక్కడికి మార్చి, ఎక్కడ ఏ రకం ఇల్లు కట్టాలో నిబంధనలు పెట్టారు. వాళ్ల తర్వాత వచ్చిన బ్రిటిష్‌వాళ్లు ఆ విభజనను ఇంకా బిగించారు. సముద్రపు గాలి తగిలేచోట తెల్లవాళ్లు, నడిమి బజారులో భారతీయులు, ఆవల కరియాకూలో ఆఫ్రికన్లు. బజారుకూ కరియాకూకూ నడుమ మ్నాజి మ్మొజా అనే మైదానాన్ని ఖాళీగా ఉంచారు. ఊరికి గాలి ఆడాలని కాదు, మనుషులు కలవకూడదని. అందులో మెచ్చుకోవాల్సింది ఏమీ లేదు. కానీ కరియాకూలో గీసిన నిలువు వీధులు, అడ్డవీధులు మాత్రం ఆ పాలకుల కన్నా ఎక్కువ కాలం బతికాయి. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికి మూటలు మోసిన కూలీలు విడిసిన ఆ చోట, తర్వాత నడిమి నడవకు ఇరువైపులా గదులున్న ఒంటి అంతస్తు ఇళ్లు లేచాయి. ఇప్పుడు వాటి స్థానంలో పై పైకి లేచిన వ్యాపార భవనాలున్నాయి. ఇళ్లు పోయాయి, వీధులు నిలిచాయి.

బజారు పేట దాటితే ఊరికి ఆధారం నాలుగు దారులే. ఉత్తరాన బగమోయో రోడ్డు, పడమరగా మొరొగోరో రోడ్డు, నైరుతిగా పుగు రోడ్డు, దక్షిణాన కిల్వా రోడ్డు. జనం ఆ నాలుగింటినీ పట్టుకునే పాకారు. దారికీ దారికీ మధ్య ఎంసింబాజి లాంటి లోతట్టు వాగులున్నాయి, వానొస్తే నీళ్లు నిలిచే పల్లాలున్నాయి. ఒక దారి నుంచి ఇంకో దారికి అడ్డంగా పోయే రోడ్లు చాలాకాలం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 1949లో, 1968లో, 1979లో మాస్టర్ ప్లాన్లు వచ్చాయి, కాగితం మీద అడ్డరోడ్లు కనిపించాయి. ఈలోపు జనం ఆగలేదు. 1967 జనాభా లెక్కల్లో నగరంలో సుమారు 2.7 లక్షలమంది. 2022 నాటికి దారెస్సలాం ప్రాంతం మొత్తం 53.8 లక్షలు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ప్రభుత్వం పాత గుడిసెలు పడగొట్టి పక్కా ఇళ్లు కట్టివ్వాలనుకుంది. ఖర్చు తట్టుకోలేకపోయింది. 1970ల్లో దారి మార్చింది. ప్రపంచబ్యాంకు అప్పుతో స్థలాలు కొలిచి, వీధులు వేసి, మంచినీటి గొట్టం తెచ్చి, ఇల్లు మాత్రం ఎవరిది వాళ్లనే కట్టుకోమంది. సింజా, కిజిటోన్యామా, మికొచేని అలా పుట్టాయి. ఒక్క ఇల్లు లేవకముందే వీధి ఎక్కడ పోవాలో తేలిపోయింది. అదే పథకంలో మంజెసె లాంటి అప్పటికే నిండిపోయిన పేటలకూ రోడ్లు, నీళ్లు ఇచ్చారు, కానీ ఇళ్ల మధ్య దొరికిన జాగాలోనే. దశాబ్దాల తర్వాత గై మైకేల్స్ అనే ఆర్థికవేత్త, ఆయన తోటి పరిశోధకులు టాంజానియాలోని ఈ పేటలను పోల్చి చూశారు. ముందే వీధులు గీసిన చోట ఇళ్లు పెద్దవిగా, మెరుగ్గా ఉన్నాయని తేల్చారు. మా వీధిలో నిలబడి చూసే ఎవరికైనా అది నమ్మబుద్ధవుతుంది. ఇంకో నిజం కూడా చెప్పాలి. పేదల కోసమని తలపెట్టిన ఈ పేటలు చాలావరకు మధ్యతరగతి చేతికి పోయాయి. అది వీధుల తప్పు కాదు, అలాంటి వీధులు తక్కువ వేసినందువల్ల వచ్చిన గిరాకీ.

1980ల మొదట్లో ఆ పథకం ముగిసింది. ఉగాండా యుద్ధంతో ఖజానా వట్టిపోయింది. 1970ల్లో రద్దయిన నగరపాలక మండలిని తిరిగి నిలబెట్టి ఎన్నో ఏళ్లు కాలేదు. కొలిచిన స్థలాలు దొరకనివాళ్లు షాంబా ఆసామి దగ్గరికి పోయారు. షాంబా అంటే కర్రపెండలం, కొబ్బరి, మామిడి పెంచే చేను. ఆసామి ఆ చెట్టు నుంచి ఈ చెట్టు వరకు అని చూపిస్తాడు, మ్జుంబె అనే పదిళ్ల పెద్ద సాక్షి సంతకం పెడతాడు, చేతిరాత కాగితం చేతికొస్తుంది. అందులో మోసం లేదు, ఎన్నో వేలమందికి నీడనిచ్చిన పద్ధతి అది. లేనిదల్లా దారి. అమ్మేవాడికి దారికి వదిలిన నేల డబ్బు కాదు, కొనేవాడికి తన గోడ దాటాక ఉన్నది తనది కాదు. మన గోదావరి జిల్లాల్లో పొలాల మధ్య పుంతను రైతులంతా కలిసి కాచుకున్నట్టు ఇక్కడ కాచుకోవడానికి ఊరు అనేది అప్పటికి ఏర్పడనే లేదు. నలుగురు నడిచిన కాలిబాటకు అటూ ఇటూ గోడలు లేచి అదే సందయింది. నగరంలో నూటికి సుమారు 70 మంది ఇలాంటి పేటల్లోనే ఉంటారు.

సందు ఇరుకైతే ఏమవుతుంది? మరుగుదొడ్డి గుంత నిండితే తోడే లారీ రాదు. మనిషి దిగి తోడాలి, లేదంటే వానాకాలంలో వాగులోకి వదిలేయాలి. తండాలె కలరా బాధ ఎక్కడిదో అక్కడే తెలుస్తుంది. అగ్నిమాపక వాహనం పెద్దరోడ్డు మీదే ఆగిపోతుంది. నొప్పులు పడుతున్న తల్లిని నాలుగు చక్రాల బండి అందుకోలేదు. మన బజాజ్ ఆటోలను ఇక్కడ బజాజి అంటారు, అవీ కొన్ని సందుల్లో తిరగలేవు. మిగిలేది బోడబోడ మోటార్‌సైకిలు.

ఊరు పెరిగిన కొద్దీ అదే లోటు పెద్దదవుతుంది. మొరొగోరో రోడ్డు మీది కిమారా నుంచి బగమోయో రోడ్డు మీది టెగెటాకు పోవాలంటే చాలాకాలం ఉబుంగో దాకా ఊళ్లోకి వచ్చి, సామ్ నుజోమా రోడ్డు పట్టుకుని, మ్వెంగె దగ్గర మళ్లీ పైకి పోవాల్సిందే. గోబా మీదుగా తారు పడ్డాకే ఆ చుట్టు తప్పింది. 2016లో మొదలైన మ్వెండొకాసి వేగబస్సులు మొరొగోరో రోడ్డును చురుకుచేశాయి, నిజమే. కానీ బస్సు స్టేషను దాకా వచ్చే దారే లేనివాడికి ఆ వేగం సగమే అందుతుంది. 2017లో అదే రోడ్డును వెడల్పు చేయడానికి కిమారా వైపు గోడల మీద ఎర్ర ఇంటూ గుర్తులు వేసి ఇళ్లు కూల్చారు. దారికి ముందే జాగా కాపాడి ఉంటే ఆ కన్నీళ్లు ఉండేవి కావు.

2000ల్లో ప్రభుత్వం మళ్లీ కొలతకు పూనుకుని శివార్లలో 20,000 స్థలాల పథకం తెచ్చింది. 2011లో తండాలె సందులను అక్కడి జనమే పటంలోకెక్కించారు, 2015 నుంచి రమని హురియా పేరుతో విద్యార్థులు ఆ పనిని ఎన్నో పేటలకు తీసుకెళ్లారు. 2022 జనాభా లెక్కల ముందు సందులకు పేర్లు, ఇళ్లకు నంబర్లు వచ్చాయి. ఇప్పుడు ఇళ్లను క్రమబద్ధీకరించి పట్టాలిస్తున్నారు. సర్వేయరు వచ్చాక తేలాల్సింది ఒక్కటే, ఎవరి గోడ ఎన్ని అడుగులు వెనక్కి జరగాలని. తండాలెలో ఆ బేరం ఏళ్లు పడుతుంది.

చనికా, బుంజు శివార్లలో మాత్రం ఇంకా కర్రపెండలం చేలున్నాయి. అక్కడ నేటికీ అవే చేతిరాత కాగితాలు నడుస్తున్నాయి. ఆ కాగితంలో ఇంకొక్క వాక్యం చేర్చి, బండి తిరిగేంత దారి వదిలామని అమ్మేవాడు, కొనేవాడు, మ్జుంబె ముగ్గురూ సంతకం చేస్తే చాలు. పునాది తవ్వకముందే దారి హద్దుకు మేకులు దిగాలి. మా పేట కార్యాలయంలోనూ, శివార్లలో స్థలం కొనబోతున్న తెలిసినవాళ్లతోనూ నేను అడుగుతున్నది అదే.