శంఖం: గుల్లను బట్టి గుర్తింపు

సముద్రపు ఇసుకనేలల్లో బతికే ఒక వేటనత్త గుల్ల శంఖం. శాస్త్రనామం టర్బినెల్లా పైరమ్. 1767లో లిన్నేయస్ దీన్ని వర్ణించాడు. ఈ నత్త ఇసుకలో దాగిన పురుగులను పట్టి తింటుంది. మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధి శంఖాలకు పెట్టింది పేరు.

శంఖపు ముక్కలు తీరానికి దూరంగానూ దొరుకుతాయి. బళ్లారి పక్కనున్న సంగనకల్లు, నూరిన రాతిగొడ్డళ్లు తయారైన నవీన శిలాయుగపు చోటు. అక్కడినుంచి ఏ తీరానికి వెళ్లాలన్నా సుమారు 300 కిలోమీటర్లు. అయినా బళ్లారి, అనంతపురం ప్రాంతాలు గాలించిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ సేకరణలో శంఖంతో చేసిన గాజుల ముక్కలున్నాయి. 1904లో మద్రాసు ప్రభుత్వం ఆ సేకరణను కొన్నది. ఇంత లోతట్టు నేలలో దొరికిన గుల్లముక్క ఏ నత్తదో తేలితేనే అది ఏ తీరంనుంచి వచ్చి ఉంటుందో వెతకడానికి వీలు. అందుకే గుర్తింపు ఇక్కడ చిన్న పని కాదు.

పచ్చి శంఖం మీద గోధుమరంగు పలచని పొర ఉంటుంది. అది గీకితే పింగాణీలాంటి తెలుపు. చేతికి బరువుగా తగులుతుంది. అసలు ఆనవాలు నోటి లోపల ఉంది: నడిమి కాడ మీద అడ్డంగా మూడు నాలుగు గట్టి మడతలు. వేలు పెడితే తెలిసిపోతాయి. గాజు కోసేటప్పుడు ఆ కాడను తీసేస్తారు కాబట్టి ముక్కలో అవి కనిపించవు. అప్పుడు చుట్టు మీద చుట్టు కలిసిన చోట ఏటవాలుగా మిగిలే అతుకును, మందంగా బిగువుగా ఉన్న తెల్లని కోతను చూడాలి. శంఖమని పొరబడే వేరే నత్తల గుల్లలూ ఉన్నాయి. ముళ్ల కొమ్ములుండే చికోరియస్ రామోసస్‌కు కాడమీద మడతలే ఉండవు. ప్లూరోప్లోకా ట్రపీజియం గుల్లపై సన్నని గోధుమ గీతలు చుట్టూ తిరుగుతాయి. ఈ రెండూ హరప్పా కాలంలో గాజులకూ పనికొచ్చినవే.

చుట్ల కొన దిగువకు, నోటి కాలువ పైకి ఉంచి నోరు మనవైపు తిప్పితే, మామూలు శంఖం నోరు ఎడమకు, అరుదైన దక్షిణావర్త శంఖం నోరు కుడికి ఉంటుంది. పూజకోసం దీనికి పలికే ధర చూసి, అమెరికా తీరాల మెరుపు వెల్క్‌ను ఆ పేరుతో అంటగడుతున్నారు. ఆ జాతిలో గుల్లలన్నీ మామూలుగానే అటు తిరుగుతాయి, కానీ కాడ నున్నగా ఉంటుంది. కొనేవారు డబ్బిచ్చే ముందు నోట్లోకి చూడండి. మడతలు లేని గుల్ల ఎటు తిరిగినా శంఖం కాదు.