అడంగల్‌లో రైతు మాట

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చిన దత్తమండలాల్లో అనంతపురం సీమ ఒకటి. థామస్ మన్రో ఇక్కడ పొలాలు కొలిపించి, రైతులవారీగా శిస్తు కట్టించాడు. రైతు బతుకు ఊరి లెక్కలు రాసే కరణం లెక్కకు ముడిపడింది; తప్పు పడితే అర్జీ పెట్టుకోవాల్సిందే. 1984లో కరణాల పదవులు పోయాయి, 2011లో ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ మీసేవ వచ్చింది. అర్జీ కంప్యూటర్‌కెక్కినా దిద్దే అధికారం రెవెన్యూ అధికారులదే.

రికార్డులో రైతు మాటకు విలువిస్తే అక్రమాలు పెరుగుతాయని కొందరంటారు. నిజమే, భూమి తగాదాల్లో విచారణ తప్పదు. కానీ మార్పు కోరడం వేరు, దిద్దడం వేరు. వేరుశనగ ఎండిన ఏడు, పొలం, పైరు వివరాలుండే అడంగల్‌లో సర్వే నంబరు ఎదుట పైరు గడిలో కంది అని పడితే పరిహారం చిక్కుల్లో పడుతుంది. అందుకే పాత నమోదు, రైతు కోరిన మార్పు, కాదంటే దానికి కారణం, మూడూ రికార్డులో నిలవాలి.